నీళ్ల దగ్గర ముప్పావుగంట: మనసు తేలికపడి ఇంటికి రావాలంటే ఏం చేయాలి?

"రెండు రోజులు వైజాగ్‌లో ఉన్నామండీ. పొద్దున బీచ్, సాయంత్రం బీచ్. సోమవారం ఆఫీసులో కూర్చునేసరికి మళ్లీ అదే తలనొప్పి, అదే టెన్షన్. నీళ్ల దగ్గర ఉంటే మనసు కుదుటపడుతుందంటారు కదా, మాకెందుకు పడలేదు?"

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. అడిగినవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: నీళ్లను ఎంతసేపు చూశారు? కాసేపు ఆలోచించి నవ్వేస్తారు. పార్కింగ్ వెతుక్కున్నారు, పిల్లల చెప్పులు మోశారు, మొక్కజొన్న పొత్తు తిన్నారు, నలభై ఫొటోలు తీశారు. సముద్రం ఆ ఫొటోల్లో వాళ్ల వెనకాల ఉంది.

నేనూ తక్కువ తినలేదు. ఓసారి సముద్రం కనిపించే గది కావాలని ఒక రిసార్టుకు రెట్టింపు డబ్బు కట్టాను. కిటికీ తీస్తే పెద్ద జనరేటరు, దాని పక్కన వేలెడంత సముద్రం. రెండు రోజులూ రిసెప్షన్‌తో గొడవకే సరిపోయింది. తిరిగొచ్చాక, ఇంటికి పావుగంట దూరంలోని చెరువు కట్ట మీద ఊరికే అరగంట కూర్చున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అందుకే ఈ మార్గదర్శి టూర్ల గురించి కాదు. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న నీళ్లను వారం వారం ఎలా వాడుకోవాలో చెప్పడానికి.

1. నీళ్లు ఏం చేస్తాయి, ఏం చేయవు

రోజంతా మన దృష్టిని బలవంతంగా ఒకచోట కట్టేసి ఉంచుతాం. స్క్రీన్ మీద, ట్రాఫిక్‌లో, పిల్లల హోంవర్క్ మీద. ఆ బలవంతపు ఏకాగ్రత వాడేకొద్దీ అలసిపోతుందనీ, శ్రమ లేకుండా కంటిని నిలిపి ఉంచే దృశ్యాలు దానికి విశ్రాంతినిస్తాయనీ అమెరికా మానసిక శాస్త్రవేత్తలు రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ ప్రతిపాదించారు. నీటి కదలిక అలాంటి దృశ్యం. క్షణం కూడా ఆగదు, ఒక్కసారీ ఒకేలా ఉండదు, మీ నుంచి జవాబు మాత్రం అడగదు.

చప్పుడు సంగతీ అంతే. అలల హోరు, అలుగు పారే శబ్దం హారన్లను, పక్కవాళ్ల ఫోన్ మాటలను కప్పేస్తాయి. ఉలిక్కిపడే శబ్దాలు తగ్గితే భుజాలు వాటంతటవే దిగుతాయి. దీనికి నడక, వెలుతురు, చల్లగాలి తోడవుతాయి.

ఎంతసేపు? ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది వివరాలతో 2019లో ఒక అధ్యయనం వచ్చింది. పార్కులు, అడవులు, తీరాలు వంటి చోట్ల వారానికి 120 నిమిషాలు, అంతకుమించి గడిపినవాళ్లలో తమ ఆరోగ్యం బాగుందని, జీవితం తృప్తిగా ఉందని చెప్పినవాళ్లు ఎక్కువ. ఆ 120 నిమిషాలూ ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తూ ఉండొచ్చు కాబట్టి దీన్ని మందు డోసులా చూడకండి. గురిగా పెట్టుకోండి. వారానికి మూడు ముప్పావుగంటలైతే లెక్క దాటినట్టే.

ఇక చేయనివి. అప్పు తీరదు, బాసు మారడు. డిప్రెషన్‌కు, ఆందోళనకు డాక్టరు రాసిన మందులు ఆపేసి గట్టున కూర్చుంటే రోగం ముదురుతుంది. "నీటి దగ్గరి నెగటివ్ అయాన్లు మీ గదిలోకే" అంటూ అమ్మే మెషిన్లకు మనసు బాగవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కోండి, కట్ట మీద నడవడానికి పనికొస్తాయి.

2. మీ చోటు ఎంచుకోండి

అందంగా ఉందా, పెద్దదా అన్నది తర్వాత. ముందు చూడాల్సింది ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో చేరగలరా అని. అంతకు మించిన చోటైతే రెండో వారానికే మానేస్తారు.

చెరువు కట్ట. తెలంగాణలో, రాయలసీమలో చాలామందికి ఇదే దగ్గర. కట్ట ఎత్తుగా ఉంటుంది కాబట్టి కూర్చున్నచోటి నుంచే నీరంతా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో దుర్గం చెరువు, గండిపేట, ఖమ్మంలో లకారం, కరీంనగర్‌లో మానేరు డ్యామ్ కట్ట ఇలా పనికొస్తాయి. ట్యాంక్‌బండ్ హుస్సేన్ సాగర్‌కు తూర్పున ఉంది కాబట్టి సాయంత్రం సూర్యుడు నీటి మీదే దిగుతాడు. కానీ వెనకాల ట్రాఫిక్ ఆగదు, అక్కడికి తెల్లవారుజామున వెళ్లడమే మేలు.

ఊళ్లలో చెరువులతో పెద్ద చిక్కు వాసన. మొత్తం చెరువును తిట్టుకునే ముందు కాస్త జరిగి చూడండి. మురుగు కలిసే చోట, గుర్రపుడెక్క పేరుకున్న మూలల్లో వాసన ఎక్కువ. గాలి మీ వీపుకు తగిలి నీటి మీదికి పోయే వైపు కూర్చుంటే సగం సమస్య తీరిపోతుంది. మా చెరువు దగ్గర నేను మొదట కూర్చున్న బల్ల సరిగ్గా మురుగు కాలువ ఎదురుగా ఉండేది. నాలుగు వందల అడుగులు అవతలికి వెళ్తే అదే చెరువు వేరేలా ఉంది.

నది రేవు. రాజమండ్రిలో పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు లాంటివి. మెట్లు ఉంటాయి, నలుగురూ తిరుగుతుంటారు. కార్తీక మాసంలో, పండగ రోజుల్లో మాత్రం ప్రశాంతత కోసం వెళ్లకండి, పుణ్యం కోసం వెళ్లండి.

కాలువ గట్టు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్నవాళ్ల అదృష్టం. లాకుల దగ్గర నీరు కిందికి దూకే చప్పుడు చిన్నపాటి జలపాతమే. బస్సులు తిరగని గట్టు చూసుకోండి.

సముద్రం. దగ్గరుంటే ఇంతకు మించింది లేదు. దుకాణాలు, ఒంటెలు, గుర్రాలు ఉన్న చోటి నుంచి పది నిమిషాలు పక్కకు నడిచి, మనుషులు కనిపించేంత దూరంలోనే ఆగండి.

చోటు ఖాయం చేసుకునే ముందు:

- నీరు కనబడుతుందా, లేక రెయిలింగూ కార్లూనా?
- నీటి అంచుకు కనీసం పదడుగుల దూరంలో కూర్చోవడానికి వీలుందా?
- ఆ టైముకు నడకకు వచ్చేవాళ్లు ఉంటారా?
- ఫోన్ సిగ్నల్ ఉందా? (వాడటానికి కాదు, అవసరానికి.)
- కుక్కల గుంపులున్నాయా?

ఒకసారి కుదిరాక చోటు మార్చకండి. కొత్త చోటైతే కళ్లు పరిసరాలను కాపలా కాస్తూనే ఉంటాయి. అలవాటైన చోట నాలుగో రోజుకు ఆ కాపలా మానేస్తాయి.

3. ఏ టైము?

నా ఓటు ఉదయానికే. పొద్దుటి వెలుతురు ఒంట్లోని గడియారాన్ని సరిచేస్తుంది, రాత్రి నిద్ర టైముకు వస్తుంది. నిద్ర కుదురుకుంటే సగం చిరాకులు అవే పోతాయి.

కోస్తాలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు కాబట్టి ఆరున్నర దాటితే నీటి మీది మెరుపు కళ్లలో గుచ్చుతుంది. తలనొప్పి, మైగ్రేన్ ఉన్నవాళ్లు అక్కడ సాయంత్రం వెళ్లండి. ఎండ వీపు వైపు ఉంటుంది, సముద్రపు గాలి ముఖానికి తగులుతుంది. చెరువుల దగ్గర సాయంత్రమంటే దోమలు. చీకటి పడేలోగా లేచేయండి.

4. సంచిలో ఏముండాలి

- నీళ్ల సీసా
- కూర్చోవడానికి పాత దుప్పటి ముక్క లేదా గోనె పట్టా (తడి సిమెంటు మీద పది నిమిషాల్లోనే లేవాలనిపిస్తుంది)
- దోమల క్రీము
- చిన్న నోటుబుక్కు, పెన్ను
- ఎండకు టోపీ లేదా తువ్వాలు
- చేతి గడియారం, టైము కోసం ఫోన్ తీయకుండా

ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే.

5. ముప్పావుగంట: ఏది ముందు, ఏది తర్వాత

ఈ వరుస ముఖ్యం. నేరుగా వెళ్లి కూర్చుని కళ్లు మూసుకుంటే ఆలోచనలు గానుగెద్దులా అక్కడే తిరుగుతాయి. ఒళ్లు ముందు అలవాలి, తర్వాత కళ్లకు పని దొరకాలి, ఆ తర్వాతే మనసు వంతు.

5.1 బయల్దేరే ముందు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచి అడుగున వేయండి. చేతిలో ఉంటే ఓడిపోతారు, నేను చాలాసార్లు ఓడిపోయాను.

5.2 నడక, 10 నిమిషాలు. మామూలుకన్నా కాస్త వేగంగా. కట్ట మీద ఒక వైపు వెళ్లి తిరిగి రండి. ఆఫీసు ఆలోచనలు వస్తే రానివ్వండి, కాళ్లు ఆగకూడదు, అంతే.

5.3 కూర్చోవడం, 2 నిమిషాలు. వీపుకు ఆనుడు ఉంటే మంచిది. చెప్పులు విడిచి పాదాలు నేలకు ఆనించండి. పళ్లు బిగబట్టి ఉన్నారేమో చూసుకోండి. చాలామంది ఉంటారు, తెలియకుండానే.

5.4 కళ్లు, 8 నిమిషాలు. ముందు దూరం: అవతలి గట్టు, ఆకాశం నీటిని తాకే గీత. రెండు మూడు నిమిషాలు అక్కడే. తర్వాత మధ్య: గాలికి నీటి మీద నడిచే గరుకు మచ్చలు, చేప ఎగిరితే విచ్చుకునే గుండ్రాలు, మునిగి ఎక్కడో తేలే నీటికాకి. మునిగినచోటి నుంచి ఎటు తేలుతుందో ఊహించండి, ఎప్పుడూ తప్పే అవుతుంది.

చివరికి దగ్గర. రాజమండ్రిలో నేను కూర్చునే రేవులో నీటి అంచు మెట్టుకు పచ్చటి పాచి పట్టి ఉంటుంది. అల వచ్చినప్పుడు ఆ పాచి జుట్టులా పైకి లేచి ఊగుతుంది, అల వెనక్కి పోగానే మెట్టుకు అతుక్కుపోతుంది. పడవ ఎప్పుడో దాటిపోయాక, ఇక అయిపోయిందనుకున్నాక, దాని అలలు వచ్చి మెట్టును ఐదారుసార్లు తడతాయి. చివరిది ఏదో చెప్పడం కష్టం. దాన్ని పట్టుకోవాలని చూస్తూ ఉంటే ఎనిమిది నిమిషాలు తెలియకుండా పోతాయి.

మీ చోట కూడా ఇలాంటి ఒక చిన్న వస్తువు వెతుక్కోండి. తూము పక్కన తిరిగే ఆకు కావచ్చు, తీగ మీది లకుముకి పిట్ట కావచ్చు. ప్రతిసారీ దాన్నే చూడండి.

5.5 చెవులు, 5 నిమిషాలు. ఇప్పుడు కళ్లు మూసుకోవచ్చు. దగ్గరి నీటి చప్పుడు, దూరపు నీటి చప్పుడు, నీటిది కాని చప్పుడు, మూడింటినీ విడదీయండి. హారన్ వినబడితే చిరాకు పడక్కర్లేదు, అది మూడో లెక్కలోకి వెళ్తుంది. నీటి చప్పుడు అసలు లేని చెరువైతే పిట్టలతో, గాలితో సరిపెట్టుకోండి.

5.6 ఊపిరి, 2 నిమిషాలు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. పది సార్లు చాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. సముద్రం దగ్గర అల వెనక్కి పోతున్నప్పుడు వదలాలనిపిస్తుంది. కుదిరితే సరే, అలలు మన లెక్కకు రావు కాబట్టి పట్టుబట్టకండి. తల తిరిగితే ఆపేసి మామూలుగా పీల్చండి.

5.7 ఊరికే ఉండటం, 15 నిమిషాలు. అసలు కష్టం ఇక్కడే. చేయాల్సింది ఏమీ ఉండదు. బిల్లు, అమ్మ మందులు, పాత గొడవ, అన్నీ వరుసగా వస్తాయి. పనికొచ్చేదైతే నోటుబుక్కులో ఒక్క ముక్క రాసి ("కరెంటు బిల్లు", "అన్నయ్యకు ఫోన్") మళ్లీ నీళ్ల వైపు చూడండి. రెండో వాక్యం రాయకండి, రాస్తే అది ఆఫీసే. పనికిరానిదైతే రాయక్కర్లేదు, మీ వస్తువు దగ్గరికి, ఆ పాచి దగ్గరికో ఆకు దగ్గరికో కంటిని తీసుకెళ్లండి. యాభై సార్లు తీసుకెళ్లాల్సి వచ్చినా మీరు సరిగ్గానే చేస్తున్నారు.

5.8 లేవడం, 3 నిమిషాలు. ఒక్కసారిగా లేవకండి. నీళ్లు తాగి, పట్టా దులిపి, మెల్లగా నడవండి. ఇంటికి చేరి కాళ్లు కడుక్కునేదాకా ఫోన్ చూడొద్దు. ముప్పావుగంట కష్టం వాట్సాప్‌లో అరనిమిషంలో పోతుంది.

6. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

మొదటి రోజే చిరాకు పెరిగింది, ఏడుపొచ్చింది. చప్పుళ్లు తగ్గేసరికి అణిచిపెట్టినవి పైకి వస్తాయి. రెండోసారి పావుగంటతో ఆపేయండి, నడక పెంచండి, ఊరికే ఉండే భాగం తీసేయండి. నాలుగైదు సార్లయినా అలాగే ఉంటే ఇది గట్టు మీద తేలేది కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పదో నిమిషానికే విసుగు. నాకూ అంతే. ఆ విసుగు రెండు మూడు నిమిషాలుండి పోతుంది. ఫోన్ తీయాలనిపించేది సరిగ్గా అప్పుడే.

స్నేహితుడితో వెళ్తే కబుర్లతోనే సరిపోతోంది. కబుర్లూ మంచివే. కానీ ముందే ఒప్పందం చేసుకోండి: మొదటి అరగంట ఎవరి మౌనం వాళ్లది, తర్వాత టీ, మాటలు.

ఫొటో తీయకుండా ఉండలేను. లేచేటప్పుడు ఒక్కటి తీసుకోండి. స్టేటస్ మర్నాడు పెట్టండి.

వాచీలో గుండె వేగం చూసుకుంటున్నాను. తగ్గిందా లేదా అన్న టెన్షన్‌తోనే పెరుగుతుంది. తీసి సంచిలో వేయండి.

బీరు తాగితే ఇంకా హాయిగా ఉంటుంది. మందు, నీళ్లు ఒకచోట చేరినప్పుడు ఏం జరుగుతుందో ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

7. నీళ్లతో జాగ్రత్తలు

ఈ పద్ధతిలో నీళ్లలోకి దిగాల్సిన పని లేదు. ఈత, స్నానం వేరే విషయాలు. ఒడ్డున కూర్చున్నా ఇవి పాటించండి:

- పాచి పట్టిన మెట్ల మీద, అలుగు మీద నడవొద్దు. మత్తడి దుంకుతుంటే చూడ్డానికి బాగుంటుంది, చీలమండ లోతు నీరు కూడా కాళ్లు లాగేస్తుంది.
- డ్యాములు, బ్యారేజీల దిగువన కూర్చోవద్దు. గేట్లు ఎత్తితే నీరు చూస్తుండగానే పెరుగుతుంది.
- గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో కింది మెట్లు వదిలేసి పైనే ఉండండి.
- విశాఖ తీరంలో మోకాలి లోతులోనూ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఈత రాకపోతే చెయ్యెత్తి కేకలు వేస్తూ తేలి ఉండాలి. కాపాడాలని మీరు దూకకండి. తాడు, ట్యూబు, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసిరి, 112కు ఫోన్ చేయండి.
- ఉరుములు వినబడితే లేచేయండి. ఖాళీ గట్టు మీద మీరే ఎత్తయిన వస్తువు.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ప్రశాంతత కన్నా ముందు భద్రత కావాలి. నిర్మానుష్యమైన గట్టు అందంగా ఉన్నా వద్దు. ఉదయం వాకింగ్ వాళ్లు తిరిగే టైము, చుట్టుపక్కల టీ బండి ఉన్న చోటు మంచివి. ఎవరో చూస్తున్నారన్న బెరుకు ఉంటే మనసు కుదురుకోదు, అది మీ లోపం కాదు. చోటు మార్చండి.

8. వెళ్లకూడని రోజులు

బతకాలని లేదనిపిస్తున్న రోజుల్లో నీళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. ఆ రోజు ఈ పద్ధతి పనికిరాదు. ఇంట్లో ఒకరికి చెప్పండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ ఇది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఇంట్లో ఎవరైనా అలా ఉంటే "కాసేపు చెరువు దగ్గర కూర్చుని రా" అని ఒక్కరినే పంపకండి.

నీళ్లలో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు, వరద చూసినవాళ్లకు ఇదే నీరు భయం కావచ్చు. వాళ్లకు తోటలో, గుడి అరుగు మీద ఈ వరుసే పనిచేస్తుంది. నీరు లేకపోతే మునిగిపోయేదేమీ లేదు.

9. దగ్గర్లో నీళ్లే లేకపోతే

ఇంట్లో చేసేదానికి అంత బలం ఉండదు, ఉన్నమాటే చెప్పాలి. వానాకాలంలో చూరు కింద కుర్చీ వేసుకుని ధారలను చూడండి, ఇది చెరువుకు దాదాపు సమానం. మిగతా రోజుల్లో మేడ మీద వెడల్పాటి మట్టి మూకుడులో పిట్టలకు నీళ్లు పెట్టి, ఆరడుగుల దూరంలో కూర్చోండి. పిట్టలు అలవాటు పడటానికి వారం పది రోజులు పడుతుంది. వారానికి రెండుసార్లైనా నీళ్లు పారబోసి మూకుడు తోమండి, లేకపోతే దోమపిల్లలు పెరుగుతాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. గల్ఫ్‌లో ఎండాకాలం పగలు తీరానికి వెళ్లొద్దు, చీకటి పడ్డాకే. అమెరికాలో చలికాలం సరస్సు గడ్డకట్టినట్టు కనిపించినా దాని మీద అడుగు పెట్టకండి, ఒడ్డు చాలు.

10. నాలుగు వారాల లెక్క

నోటుబుక్కు చివరి పేజీలో గీతలు గీసుకోండి. వెళ్లిన రోజు, ఎన్ని నిమిషాలు, వెళ్లే ముందు చిరాకు పదికి ఎంత, వచ్చాక ఎంత, ఆ రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది. అంతే.

మొదటి వారం ఇరవై నిమిషాలు చొప్పున రెండుసార్లు. రెండో వారం అరగంట చొప్పున మూడుసార్లు. మూడు, నాలుగు వారాల్లో ముప్పావుగంట. నాలుగు వారాలయ్యాక అంకెలు చూడండి. వచ్చాక అంకె తగ్గుతూ, మర్నాటి పొద్దున మళ్లీ పెరుగుతుంటే పద్ధతి పనిచేస్తోంది, ఇంట్లోనో ఆఫీసులోనో కారణం అలాగే ఉంది. అసలేమీ తగ్గకపోతే, నిద్ర, తిండి రెండు వారాలకు పైగా దెబ్బతిని ఉంటే సైకియాట్రిస్టును కలవండి, ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి. డాక్టరుకు నోటితో చెప్పేదానికన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

చివరిగా, రెండో చోటు ఒకటి ముందే చూసి పెట్టుకోండి. ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేస్తారు, చిన్న చెరువులు నెర్రెలు బారతాయి. పోయినసారి మే నెలలో నేను అలవాటుగా వెళ్లి, పట్టా పరిచి, ఎండిన బురదలో మేస్తున్న గేదెలను పది నిమిషాలు చూసి ఇంటికొచ్చాను. అంకె ఎనిమిది నుంచి ఏడైంది.